లప్పం పెట్టని సింహం

మొన్న కోతల రోజుల్లో ఒక పొద్దున, పామర్రు అవతల ధాన్యం లారీ ఒకటి పంటబోదె కాలవలోకి ఒరిగిపోయిందని ఫోన్ వచ్చింది. నేను ఇన్సూరెన్సు సర్వేయర్ని. ఎక్కడ ఏ బండి గుద్దుకున్నా, పడ్డా, కాలినా వెళ్లి ఫొటోలు తీసి, ఏది కొత్త దెబ్బో ఏది పాత దెబ్బో తేల్చి రిపోర్టు రాయడం నా పని. విజయవాడ ఆటోనగర్‌లో నాకు ‘గీతల సర్వేయరు’ అని పేరు. గీతను కూడా వదలడని మెచ్చుకోలుగా అంటారో, వెటకారంగా అంటారో నేను ఎప్పుడూ అడగలేదు. రెండోదే అయి ఉంటుంది.

వెళ్లేసరికి లారీ ఎడమ పక్కకి పడుకుని ఉంది. సగం క్యాబిన్ బురదలో కూరుకుపోయింది. బస్తాలు చిట్లి ధాన్యమంతా గట్టు మీద పరుచుకుంటే, కొంగలు మనుషుల్ని లెక్కచేయకుండా మధ్యలో తిరుగుతున్నాయి. డ్రైవరు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బండి అతనిదే, నడిపేదీ అతనే. నుదుటి మీద చిన్న గాయం తప్ప మనిషికేం కాలేదు. నన్ను చూసి లేచాడు. ధాన్యం గురించి చెప్పలేదు, ఇంజను గురించి చెప్పలేదు.

“సార్, ఎడమ డోరు కింద ఉండిపోయిందండీ” అన్నాడు.

నేను గట్టు అంచుదాకా వెళ్లి బురదలోకి చూశాను. ఎందుకంటే ఆ డోరు మీద ఒక సింహం ఉంది. రంగుల సింహమే. దాన్ని వేసిన మనిషి పోయి మూడేళ్లయింది. ఆయన వేసిన సింహాల్లో ఇంకా రోడ్డు మీద తిరుగుతున్నది, మా ఇద్దరికీ తెలిసినంతలో, అదొక్కటే. మిగతావన్నీ తుప్పులో పోయాయి, తుక్కులో పోయాయి, స్టిక్కర్ల కింద పోయాయి. విజయవాడ నుంచి క్రేను వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుందన్నారు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. చేయగలిగింది ఏమీ లేదు. బురదలో ఉన్న సింహాన్ని తలుచుకుంటూ, దాన్ని వేసిన చేతిని తలుచుకుంటూ ఉండిపోయాం.

ఆయన పేరు నేను రాయను. ఏ బొమ్మ కిందా ఆయన తన పేరు రాసుకోలేదు. మధ్యలో నేనెవర్ని రాయడానికి? ఆటోనగర్‌లో అందరూ ‘సింహాల సాయిబు గారు’ అనేవాళ్లు. లారీలకి రంగులు వేసేవారు. నంబర్లు, పువ్వులు, వెనక పద్యాలు, అమ్మవారు, నెమలి, ఏది అడిగితే అది వేసేవారు గానీ, అవన్నీ ఆయనకి కూలిపని. సింహం ఒక్కటే ఆయన పని. సింహాలు వేసే మనిషి సింహంలా ఉంటాడనుకుంటే పొరపాటు. బక్కపలచని మనిషి, గళ్ల లుంగీ, చెవి వెనక బ్రష్షు, నోట్లో ఎప్పుడూ సోంపు. గడ్డంలో ఏది నెరిసిన వెంట్రుకో ఏది తెల్లరంగో చెప్పడం కష్టం. భవానీపురంలో మా వీధికి నాలుగు వీధుల అవతల ఉండేవారు. ఇంట్లో గోడ మీద ఒక్క బొమ్మ ఉండేది కాదు. అదేమిటని అడిగితే, “ఇంట్లో బొమ్మలు పెట్టుకోమండీ. నా సింహాలు రోడ్డు మీద తిరిగేవి, ఇంటికి రావు” అన్నారు.

నాకు ఆయనతో పరిచయం నా తప్పుతోనే మొదలైంది. పన్నెండేళ్ల కిందటి మాట. ఇదే డ్రైవరు, అప్పుడు కొత్త బండి. రోడ్డు మధ్య డివైడర్ని గుద్దుకుని బంపరు, లైటు పోయి ఆటోనగర్ చేరింది. నేను బండి చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసుకుంటున్నాను. ఎడమ డోరు మీద సింహం బొమ్మ ఉంది. దాని చెంప మీద మూడు లోతైన గీతలు. చెవి దగ్గర రంగు లేచిపోయి, కింద రేకు కనిపిస్తోంది. ‘ఎడమ డోరు: గీతలు మూడు, ఒకచోట పెచ్చు ఊడింది’ అని రాసుకున్నాను. ఫొటో తీద్దామంటే సింహం కన్ను పక్కన ఈగ వాలి ఉంది. ప్యాడుతో విసిరాను. పోలేదు. మళ్లీ విసిరాను. పోలేదు. మూడోసారి కాస్త కోపంగా విసిరేసరికి వెనకనుంచి సాయిబు గారి నవ్వు వినిపించింది.

“అది పోదండీ. దాన్ని తోలాలంటే టర్పెంటైను కావాలి.”

ముట్టుకుని చూశాను. ఈగ నున్నగా ఉంది. చెంప మీద గీతలు నున్నగా ఉన్నాయి. ఊడిన పెచ్చు, దాని కింద తేలిన రేకు, అంతా రంగే. పాతికమంది మెకానిక్కుల ముందు నాకు తల కొట్టేసినట్లయింది. అప్పటిదాకా నా కన్నుని మోసం చేసినవాడు ఆటోనగర్‌లో లేడు.

గొడవ అక్కడితో ఆగలేదు. డ్రైవరు పరుగున వచ్చాడు. అతనికి ఆ సింహం మొదటినుంచీ నచ్చలేదు. బంగారు రంగు జూలుతో, రాజాలా ఉండే సింహం వెయ్యమన్నాడట. వేసి పెట్టింది ఇది.

“చూశావా బాబాయ్? సర్వేయరు గారే దెబ్బ అనుకున్నారు. కొత్త బండి మీద ముసలి సింహాన్ని, చెవి తెగిన సింహాన్ని వేస్తే గుద్దుకోదా మరి? దాని మొహానికి కొంచెం లప్పం పెట్టెయ్ బాబాయ్, నీకు దండం పెడతాను.”

లప్పం అంటే ఆటోనగర్‌లో తెలియనివాడు లేడు. నొక్కుకుపోయిన రేకు మీద ఆ ముద్దని మెత్తి, ఎండాక ఉప్పుకాగితంతో రుద్ది, పైన రంగు కొడితే, అక్కడ దెబ్బ ఉన్నదన్న సంగతి దేవుడికి కూడా తెలియదు. సాయిబు గారు అందులోనూ ఘనుడే. రోజూ బళ్లకి లప్పం పెట్టి బతికే మనిషే. కానీ ఆ మాట వినగానే ఆయన మొహం ఎర్రబడింది.

“బండికి లప్పం పెడతానయ్యా. సింహానికి పెట్టను. సర్వేయరు గారంతటి వారు నిజం దెబ్బ అనుకున్నారంటే నాకు ఇంకేం సర్టిఫికెట్టు కావాలి? నీకు వద్దంటే చెప్పు, డోరు మొత్తం నల్లరంగు కొట్టేస్తా. సగం చెరిపిన సింహాన్ని మాత్రం రోడ్డు మీదకి వదలను.”

డ్రైవరు నావైపు చూశాడు. నాకెందుకో ఆ క్షణంలో ఆ ఈగను వదులుకోబుద్ధి కాలేదు. “ఉండనివ్వవయ్యా” అన్నాను. రిపోర్టులో ఎడమ డోరు లైను కొట్టేశాను. గీతల సర్వేయరు తన చేత్తో రాసిన గీతను కొట్టేయడం అదే మొదటిసారని తర్వాత చాలా రోజులు నవ్వుకున్నారు.

అప్పటినుంచి ఆటోనగర్ వెళ్తే ఆయన షెడ్డు దగ్గర ఆగకుండా వచ్చేవాణ్ణి కాదు. బ్రష్షు కదులుతూ ఉండేది, నోరు కదులుతూ ఉండేది. మిగతా పెయింటర్ల సింహాల్ని చూస్తే ఆయనకి ఒళ్లు మండేది. “ఇదేంటండీ, సెలూనుకి వెళ్లొచ్చిన సింహం! జూలు దువ్వి పాపిడి తీశాడు చూడండి. కంట్లో పిల్లిలాగా నిలువు గీత పెట్టాడు. సింహానికి నల్లగుడ్డు గుండ్రంగా ఉంటదండీ, మనకి ఉన్నట్టే. కన్ను కింద తెల్లచార ఉండాలి. మీసాల దగ్గర చుక్కలేవి? ఆ చుక్కలు ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండవు, మన వేలిముద్రల్లాగా. ముక్కు చూడండి, గులాబీ రంగు! పసిపిల్లోడి ముక్కు. వయసొచ్చిన కొద్దీ మచ్చలు పడి నల్లబడాలి.”

ఇలా ముక్కు మొదలుకొని తోక దాకా వచ్చేవారు. తోక చివర నల్లకుచ్చు, మోచేతుల దగ్గర వెంట్రుకలు, పొట్ట కింద వేలాడే వదులు తోలు. ఆ వదులు తోలు మీద ఆయనకి ప్రత్యేకమైన గౌరవం. “అది ముసలితనం కాదండీ. కొట్లాటలో ఎదుటివాడి గోరు పడ్డా తోలే జారుతుంది గానీ పేగు దాకా పోదు. దేవుడు కుట్టిన చొక్కా. కొంచెం లూజుగా కుట్టాడు.” జూలు సంగతి అడిగితే, అది అందానికి అని ఒప్పుకునేవారు కాదు. మెడ కాసుకోవడానికని ఆయన నమ్మకం. నేను ఎక్కడో చదివి, దాని మీద పెద్దపెద్ద వాళ్లకే ఇంకా వాదాలున్నాయని చెప్పాను. “వాదించుకోనివ్వండి. వాళ్లు పుస్తకంలో చూశారు, నేను డోరులోంచి చూశాను” అన్నారు.

ఈ డోరులోంచి చూడటం అన్న మాటే ఆయన జీవితంలో అసలు సంగతి. వయసులో ఉండగా, ఇక్కడివాళ్లే ఎవరో ఆఫ్రికాలో లారీలు తిప్పుతుంటే, బాడీలు కట్టి రంగులు వేయడానికి ఆయన్ని టాంజానియా తీసుకెళ్లారు. కొన్నేళ్లు ఉండి వచ్చారు. అక్కడి ఊళ్ల గురించి, సంపాదన గురించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు. ఒక్క మధ్యాహ్నం గురించి మాత్రం చెప్పేవారు. నేను తక్కువలో తక్కువ పదిసార్లు విన్నాను. పదిసార్లూ ఒక్క వెంట్రుక తేడా లేకుండా చెప్పారు. అబద్ధమైతే ఎక్కడో అక్కడ పెరిగేది. ఈ విషయంలో నా ఉద్యోగానుభవం నమ్మండి.

అడవి మధ్యనుంచి పోయే పెద్ద రోడ్డు మీద వాళ్ల లారీ యాక్సిలు విరిగి ఆగిపోయింది. ఎండ నెత్తిన ఉంది. డ్రైవరు, ఈయన క్యాబిన్‌లో కూర్చున్నారు. చుట్టుపక్కల నీడ అన్నది లేదు, లారీ నీడ తప్ప. ఆ నీడ కోసం ఒక మగ సింహం నడుచుకుంటూ వచ్చింది. వచ్చి, ఎడమ డోరు కింద, ఈయనకి రెండు బారల దూరంలో పడుకుంది.

“కుంటుకుంటూ వచ్చాడండీ. వెనక కుడికాలు. తుంటి ఎముకలు తేలిపోయున్నాయి. చెవి సగం లేదు. చెంప మీద మూడు చారలు, పాత దెబ్బలు, వెంట్రుక మొలవలా. ఆవలిస్తే చూశా, కోరపన్ను ఒకటి విరిగిపోయింది. మొహం నిండా ఈగలు. వాటిని తోలుకునే ఓపిక కూడా లేదేమో అనుకున్నా. కానీ జూలుందండీ, మెడ దగ్గర్నుంచి పొట్ట కిందదాకా నల్లగా, గోనెపట్టాలాగా. నాకు చిన్నప్పట్నుంచీ సింహమంటే రాజా. ఇదేం రాజా, ఎవడో తన్ని తరిమేసినోడిలాగా ఉన్నాడే అనుకున్నా. నిజం చెప్తున్నా, జాలేసింది.”

పక్కనున్న డ్రైవరు ఆ దేశం వాడు. వాళ్ల భాషలో సింహాన్ని ‘సింబా’ అంటారట, మన పేరుకి దగ్గర చుట్టమే. మగ సింహం బతుకు ఎలాంటిదో అతనే చెప్పాడట. రెండు మూడేళ్లు నిండగానే మందలోంచి తరిమేస్తారు. పొమ్మనేది కన్నతండ్రే కావచ్చు, కొత్తగా వచ్చినవాడు కావచ్చు. ఊరూ పేరూ లేకుండా ఏళ్ల తరబడి తిరగాలి. అన్నదమ్ములుంటే బతుకుతారు. ఒకడు పడుకుంటే ఇంకొకడు కాపలా. బలం వచ్చాక ఎవడి మందనో కొట్లాడి తీసుకుంటే, అదీ రెండు మూడేళ్ల ముచ్చటే, మరొకడు వచ్చేదాకా. “రాజా బతుకు అనుకుంటాం గానీ కిలీనరు బతుకండీ” అనేవారు సాయిబు గారు. “మీసం రాకముందే ఇంట్లోంచి పోయి, రోడ్ల మీద దెబ్బలు తిని డ్రైవరైతే అయినట్టు, లేకపోతే లేదు.”

సాయంత్రం ఎండ వాలాక, దూరంగా రోడ్డు మీద రెండు కుర్ర మగ సింహాలు వచ్చి నిలబడ్డాయి. జూలు ఇంకా పూర్తిగా రానివి. లారీ కింద ఉన్నవాడు చూశాడు. లేవబోయాడు. లేవలేకపోయాడు. మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారికి లేచాడు.

ఇక్కడికి వచ్చేసరికి సాయిబు గారు బ్రష్షు కింద పెట్టేవారు. ఎప్పుడైనా సరే.

“లేచేదాకా ముసలోడండీ. లేచాక సింహం. జూలు విదిలించాడు, ఈగలన్నీ ఎగిరిపోయినయ్. నడిచాడు వాళ్లకేసి. కుంటుకుంటూ వచ్చినోడు, కుంటకుండా నడిచాడు సార్! కాలు బాగయిందా? బాగవలేదు. కనపడనివ్వలేదు, అంతే. ఆ కుర్రాళ్లు చూశారు, ఒకడి మొహం ఒకడు చూసుకున్నారు, తిరిగి వెళ్లిపోయారు. మర్నాడో, మరో వారానికో వాళ్లే గెలిచి ఉంటారు. అది నాకనవసరం. ఆ పూటకి రోడ్డు ఎవరిది? అదీ.”

ఈయన ఆ రోజునుంచి బంగారు సింహాన్ని వేయలేదు. తిరిగొచ్చాక వేసిన సింహాలన్నీ వాడివే. తెగిన చెవి, మూడు చారలు, కన్ను పక్కన ఒక ఈగ. “అన్నీ ఎగిరిపోయినా ఒకటి మిగిలిందండీ. అది నేనే” అని ఒకసారి అన్నారు. అది తమాషాకి అన్నారో నిజంగా అన్నారో తెలియదు. ఎప్పుడూ ఎడమ డోరు మీదే వేసేవారు. కుడి డోరు డ్రైవరుదట. ఎడమ డోరు రోడ్డు పక్కన నడిచిపోయేవాళ్లదట. ఆయన సింహాలకి పేరొచ్చాక మిగతా పెయింటర్లు కూడా తమ సింహాలకి చారలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకాయన నెమలికి కూడా పెట్టాడు. “పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు” అని సాయిబు గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

మనుషుల్ని కూడా ఆయన ఆ లెక్కలోనే చూసేవారు. తీయగా మాట్లాడి పని చేయించుకుని పోయేవాడు ‘లప్పం మనిషి’. నా మొహం మీద చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డ మచ్చ ఉంది. “అదుండబట్టే మిమ్మల్ని నమ్మానండీ” అనేవారు. నాకు పెళ్లిచూపుల్లో రెండు సంబంధాలు తప్పించిన మచ్చ అది. దానికీ ఒక గౌరవం దక్కింది.

తర్వాత స్టిక్కర్లు వచ్చాయి. రేడియం కాగితం మీద అచ్చేసిన సింహం. పది నిమిషాల్లో అంటించేయడం, రాత్రిపూట లైటు పడితే మెరవడం. ఆయన షెడ్డు ముందు లారీలు తగ్గాయి. “అంటించింది ఊడిపోతుందండీ. వేసింది మాసిపోతుంది. ఊడటం వేరు, మాయడం వేరు” అనేవారు. నిష్ఠూరం ఉండేది కాదు. సోంపు నములుతూ నంబర్లు రాసుకునేవారు.

నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నాలుగు నెలలు మంచం మీద ఉన్నారు. నేను చూడటానికి వెళ్తే ఆయన భార్య టీ ఇస్తూ అన్నది: “ఆ సింహం అక్కడ ఈయన్ని తినకుండా వదిలేసింది. ఇప్పుడు ఇక్కడ మమ్మల్ని తింటోందండీ. లేస్తానంటారు, పడతారు. లేస్తానంటారు, పడతారు.” లోపలనుంచి ఆయన గొంతు వచ్చింది, మాట కొంచెం ముద్దగా: “రెండుసార్లే అయిందని చెప్పు.”

ఆయన ఆటోనగర్ తిరిగొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆటో దిగారు. భార్య ఒక చెయ్యి పట్టుకుంది, ఇంకో చేతిలో కర్ర. సందు మొదట్లో ఆగి చూశారు. అటూ ఇటూ షెడ్లు. అందరూ పని ఆపి చూస్తున్నారు. స్టిక్కర్లు అంటించే షాపువాళ్లు కూడా బయటికొచ్చారు. ఆయన భార్య చెయ్యి విడిపించుకున్నారు. కర్ర ఆమె చేతికిచ్చారు. లుంగీ సర్దుకున్నారు. నడిచారు. యాభై అడుగులుంటుందేమో ఆ సందు. షెడ్డులోకి వచ్చి తన స్టూలు మీద కూర్చున్నారు. ఆయన చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. మంచినీళ్లిస్తే తాగి, నాకు మాత్రమే వినపడేలా అడిగారు.

“ఎలా ఉందండీ నడక? కుంటు కనపడిందా?”

గీతను వదలని కన్ను నాది. కుడి చెప్పు అంచు నేలని రాసుకుంటూ రావడం చూశాను. మట్టిలో దాని జాడ కూడా ఉంది.

“లేదండీ” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి నవ్వారు. “మీరు కూడా లప్పం పెట్టడం నేర్చుకున్నారే” అన్నారు. ఆ రోజు ఆ మనిషి పక్కన నిలబడ్డందుకు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. నా సొంత ప్రమోషన్‌కి కూడా అంత అనిపించలేదు.

తర్వాత కొన్నాళ్లకి ఈ పామర్రు డ్రైవరు వచ్చాడు. పాత క్యాబిన్ తుప్పు పట్టిపోతే కొత్తది వేయించాడు. దాంతో మొదటి సింహం పోయింది. ఒకప్పుడు మొహానికి లప్పం పెట్టమన్నవాడే, ఇప్పుడు వట్టి డోరు పట్టుకుని నిలబడ్డాడు.

“స్టిక్కరు వద్దు బాబాయ్. నువ్వే వెయ్యాలి.”

“నా చెయ్యి చూశావా?”

“చూశాను. ఎనిమిదేళ్లు నీ సింహాన్ని కూడా చూశాను. ఎన్నాళ్లయినా బండి ఇక్కడే పెడతాను.”

ఎడమచేత్తో మొదలుపెట్టారు. నేను వెళ్లినప్పుడు అదే వింతగా చూస్తుంటే అన్నారు: “కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు గానీ సార్, నా ఎడమచేతికి అన్నీ తెలుసు. నలభై ఏళ్లు పక్కనే ఉండి చూసింది గదా.” చెయ్యి వణికేది. జూలు వణుకుతూనే వేశారు. “వణికే చేతికి జూలు భలే వస్తుందండీ, దువ్వినట్టు రాదు.” ఇరవై రోజులు పట్టింది. అన్నీ అయ్యాయి, కన్ను మిగిలింది. గుండ్రటి కనుగుడ్డు వణుకుతూ వేయలేం. రెండుసార్లు వేసి తుడిచేశారు. డ్రైవరు పక్కకి తిరిగి నిలబడ్డాడు. అప్పుడు సాయిబు గారు ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి, డోరు హ్యాండిల్ మీద పెట్టారు. చచ్చుబడ్డ ఆ చేతి మీద ఎడమ మణికట్టు ఆనించారు. వణుకు ఆగింది. ఒక్క తిప్పులో కన్ను వచ్చింది. నావైపు తిరక్కుండానే అన్నారు: “అన్నదమ్ములు సార్. ఒకడు పడుకుంటే ఇంకొకడు.”

చివర్న ఈగను వేశారు. ఆ ఏడు వానలు వెనకపట్టకముందే రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి లేవలేదు.

ఇదంతా మేం గట్టు మీద ఒకరికొకరం చెప్పుకుంటూ ఉండగానే క్రేను వచ్చింది. తాళ్లు కట్టారు. ఇంజను మూలిగింది. లారీ ఒకసారి కొంచెం లేచి మళ్లీ బురదలోకి జారింది. రెండోసారి సగందాకా వచ్చి జారింది. గట్టు మీద జనం హాహాకారాలు చేశారు. డ్రైవరు నా చెయ్యి పట్టుకున్నాడు. మూడోసారికి లేచింది.

ఎడమ డోరు మీద బురద తప్ప ఏమీ కనపడలేదు. డ్రైవరు బోదెలోకి దిగి బకెట్టుతో నీళ్లు తెచ్చి పోశాడు. మెల్లగా, పసిబిడ్డకి పోసినట్టు పోశాడు. ముందు తోక కుచ్చు వచ్చింది. తర్వాత జూలు. తర్వాత మొహం. బోదెలో ఏ రాయి తగిలిందో, కనుబొమ్మ దగ్గర్నుంచి దవడ దాకా ఒక లోతైన నొక్కు, రంగు లేచి రేకు తేలింది. మూడు చారల పక్కన నాలుగోది. కన్ను చెక్కుచెదరలేదు. కన్ను పక్కన ఈగ అక్కడే ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి విసిరాను. పోలేదు. డ్రైవరు పక్కున నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

క్రేనుతో వచ్చిన మేస్త్రి డోరుని వేలితో కొట్టి చూశాడు. “దీనికేం లేదండీ. కొత్త డోరు క్లెయిమ్‌లో వస్తుంది. లేదంటే లప్పం పెట్టి రంగు కొట్టేస్తే కొత్తదానిలా ఉంటుంది” అన్నాడు.

“లప్పం వద్దు” అన్నాడు డ్రైవరు. “డోరు మార్చొద్దు. సర్వేయరు గారూ, మీరు చెప్పండి.”

నేను కాగితం తీశాను. బంపరు, అద్దం, యాక్సిలు, బాడీ పలకలు, అన్నీ వరసగా రాసుకుంటూ వచ్చాను. ఎడమ డోరు దగ్గర కలం ఆగింది. నాలుగో చారని వేలితో తడిమి చూశాను. ఈసారి అది నున్నగా లేదు. నిజం దెబ్బే. వేలు కోసుకునేంత నిజం.

పన్నెండేళ్ల కిందట బొమ్మని దెబ్బ అని రాశాను. ఈసారి దెబ్బని బొమ్మ అని రాసి, కింద సంతకం పెట్టాను.